పాత విశాఖ బట్టల కొట్టు అసలెలా నడిచేది?

పాత విశాఖలో బట్టల బజారు మాట కదిలితే పెద్దవాళ్ల నోట ఒకే మాట వస్తుంది: అప్పట్లో కొట్టువాళ్లు ఎంత ఆదరంగా చూసేవారో! నలభై చీరలు విప్పించినా విసుక్కునేవారు కాదట. సోడా తెప్పించేవారట. డబ్బులదేముంది, వచ్చే నెల ఇద్దురుగాని అనేవారట. ఇవన్నీ నిజాలే. అయితే వీటిని మనుషుల మంచితనం పద్దులో రాసేసి ఊరుకుంటే ఆ కొట్టు ఎలా బతికిందో తెలియదు, తర్వాత ఎందుకు మాయమైందో అంతకన్నా తెలియదు. పరుపు మీద కూర్చోబెట్టడం దగ్గర్నుంచి చీటీ పట్టుకుని మూడు చోట్ల తిప్పడం దాకా ప్రతిదాని వెనకా ఒక లెక్క ఉంది. ఆ లెక్క మారినప్పుడల్లా కొట్టు మారింది, దాంతోపాటు ఊరి నడిబొడ్డు కూడా జరిగింది.

విశాఖ 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉంది. మద్రాసు మౌంట్ రోడ్డులో స్పెన్సర్స్ లాంటి పెద్ద దుకాణం ఉండేది. 1863లో మొదలైన సంస్థ అది. సీసా మందు నుంచి తోలు పెట్టె దాకా ఒకే కప్పు కింద దొరికేవి. విశాఖలో ఆ పని ఒక భవనం కాదు, ఒక దారి చేసేది. వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ దగ్గర మసాలా దినుసులు, కిరాణా, పూజ సామాను. ఆ చుట్టుపక్కలే బంగారం. మెయిన్ రోడ్డు, టౌన్ కొత్తరోడ్డు మీదుగా పైకొస్తే పూర్ణా మార్కెట్, అక్కణ్నుంచి జగదాంబ. పెళ్లి పెట్టుకున్న ఇల్లు ఒక రోజంతా ఈ దారిలో నడిస్తే పసుపు కొమ్ము దగ్గర్నుంచి తాళిబొట్టు దాకా అన్నీ సమకూరేవి. కేజీహెచ్ ఆస్పత్రి (1923), కలెక్టరాఫీసు కూడా దగ్గర్లోనే కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వేరే పని మీద వచ్చినవాళ్లు సైతం సాయంత్రానికి ఈ బజారులోనే తేలేవారు.

బజారు అక్కడే ఎందుకు పుట్టిందో పటం చూస్తే తెలిసిపోతుంది. పాత ఊరికి, అంటే వన్‌టౌన్‌కి, తూర్పున సముద్రం, దక్షిణాన ఓడలొచ్చే కాలువ, దానికి అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. పడమర వైపు బురద నేలని తవ్వి కట్టిన పోర్టు 1933లో తెరుచుకుంది. అంటే మూడు వైపులా దారి మూసుకుపోయింది. ఊరు పెరగాలంటే ఉత్తరానికి, మెరకకి ఎక్కాల్సిందే. జగదాంబ, డాబాగార్డెన్స్, ఆసీల్‌మెట్ట, ద్వారకానగర్ అని బజారు మెట్లుమెట్లుగా అటే ఎందుకు కదిలిందంటే, కదలడానికి వేరే దిక్కు లేదు.

తాను, పన్నా, బద్ద

రెడీమేడ్ దుస్తులు రాకముందు బట్టల కొట్టు గుమాస్తాకి ముఖ్యంగా తెలియాల్సింది, ఎదురుగా ఉన్న మనిషికి ఎంత గుడ్డ పడుతుందన్నది. కొనేవాళ్లకి తెలిసింది మనిషి ఒడ్డూ పొడుగూ మాత్రమే. అది గుడ్డ లెక్కలోకి మార్చాలంటే ముందు పన్నా చూడాలి, అంటే తాను (గుడ్డ చుట్ట) వెడల్పు. 36 అంగుళాల పన్నాలో ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి రెండుంపావు నుంచి రెండున్నర మీటర్లు కావాలి. అదే 58 అంగుళాల పన్నా అయితే మీటరూ అరవై సెంటీమీటర్లు సరిపోతుంది. ప్యాంటుకి 58 పన్నాలో మీటరూ ఇరవై నుంచి ముప్ఫై. జాకెట్టుకి ఎనభై సెంటీమీటర్ల నుంచి మీటరు. లోపలి లంగాకి రెండు మీటర్ల పాప్లిన్. గళ్ల గుడ్డ అయితే గళ్లు కలవడానికి ఇంకో పది పదిహేను సెంటీమీటర్లు అదనంగా తీయాలి; ఇది చెప్పని గుమాస్తా వల్ల దర్జీ దగ్గర గొడవలు వచ్చేవి. జేబు మీద గడి ఒకలా, ఛాతీ మీద గడి ఇంకోలా వస్తే దర్జీని తిట్టి లాభం లేదు, గుడ్డే చాల్లేదు.

పన్నా అడక్కుండా 'చొక్కా గుడ్డ రెండు మీటర్లు' అనడం అందరూ చేసే పొరపాటు. 36 పన్నాలో రెండు మీటర్లు పొట్టి చేతుల చొక్కాకే సరి. అందుకే అనుభవమున్న గుమాస్తా తాను విప్పగానే ముందు అడ్డంగా పరిచి చూపించేవాడు.

కొలతలో ఇంకో మెలిక ఉంది. దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది, అమలు 1958 నుంచి అంచెలంచెలుగా జరిగింది. గజమంటే 36 అంగుళాలు, 91.44 సెంటీమీటర్లు. అంటే మీటరు గజం కన్నా తొమ్మిదిన్నర శాతం దాకా పెద్దది. గజం రెండు రూపాయల గుడ్డ మీటరు రెండు రూపాయల పంతొమ్మిది పైసలు ఉండాలి. కొట్టువాడు దాన్ని రెండుంపావు చేస్తే ఐదు మీటర్లకి ముప్ఫై పైసలు పోయినట్టే. మీటరొచ్చాక బట్ట ప్రియమైందని పెద్దవాళ్లు సణగడంలో కొంత ఈ రౌండు చేసిన లెక్క ఉంది, కొంత మీటరు పెద్దదన్న సంగతి మరిచిపోవడం ఉంది. చీర మాత్రం ఇప్పటికీ గజాల్లోనే నోట్లో నానుతోంది. ఆరు గజాలంటే 5.49 మీటర్లు, అందుకే చీర ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్కతో కలిపి 6.3 అని రాస్తారు.

బద్ద, అంటే గుడ్డ కొలిచే మీటరు కర్ర మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. దాన్ని చూసి నిశ్చింతగా ఉండిపోతాం గానీ, తేడా బద్దలో కన్నా చేతిలోనే ఎక్కువ వస్తుంది. గుడ్డని గాల్లో పట్టుకుని సాగదీసి కొలిస్తే వాయిల్, క్రేప్ లాంటివి సాగుతాయి, ఇంటికొచ్చాక మళ్లీ ముడుచుకుంటాయి. మీటరు అయిన చోట బొటనవేలు నొక్కి, తర్వాతి మీటరుని ఆ వేలికి అవతల మొదలుపెడితే కొన్నవాడికి లాభం, ఇవతల మొదలుపెడితే కొట్టుకి లాభం. వేలు వెడల్పు రెండు సెంటీమీటర్లనుకుంటే ఐదు మీటర్లలో వేలు నాలుగుసార్లు పడుతుంది, ఎనిమిది సెంటీమీటర్ల తేడా. న్యాయంగా కొలవాలంటే గుడ్డని బల్ల మీద వదులుగా పరిచి, బద్దని దాని మీద పెట్టాలి.

తెంపడం కూడా పనితనమే. పాప్లిన్, లాంగ్‌క్లాత్ లాంటి నూలు గుడ్డకి అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులా పట్టుకుని పర్రున చింపేవారు. ఆ చింపు పేక (అడ్డ) దారం వెంబడే పోతుంది కాబట్టి ముక్క నేరుగా వస్తుంది. కత్తెరతో కోస్తే చెయ్యి ఎంత తిరిగినా ఒక వేలెడు వంకర వస్తుంది, దర్జీ దాన్ని సరిచేయడానికి మళ్లీ కత్తిరిస్తాడు, ఆ పోయింది మన గుడ్డే. టెరిలిన్, ఉన్ని సూటింగు, పట్టు మాత్రం చింపకూడదు. అంచు లాగేసి మడతలు పడుతుంది. వాటికి ఒక దారం లాగి, ఆ గీత వెంట కత్తెర నడపాలి.

నూలు గుడ్డ తడిస్తే ముడుచుకుంటుంది. అంచున 'శాన్‌ఫొరైజ్డ్' అని అచ్చు వేసి ఉంటే ముడుచుకోవడం ఒక శాతానికి మించదని అర్థం. ఆ అచ్చు లేని నూలు గుడ్డని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, అప్పుడు దర్జీకి ఇవ్వాలి. యూనిఫారాలు ఆగస్టుకల్లా పిల్లల చీలమండల పైకి ఎక్కిపోవడానికి పిల్లలు ఎదగడం ఒక్కటే కారణం కాదు.

చీటీ మీద గీతలు

చీర మడతలో కాగితం ముక్క ఉంటుంది. దాని మీద ఏవో అక్షరాలు. అది కొట్టువాడు కొన్న ధర, అందరికీ కనబడేలా, ఎవరికీ అర్థం కాకుండా. కిటుకు తేలిక. ఏ అక్షరమూ రెండోసారి రాకుండా పది అక్షరాల మాట ఒకటి ఎంచుకుంటారు. ఉదాహరణకి 'సింహాచలేశుని గుడి మెట్లు' అనుకుందాం. గుణింతాలూ సున్నా ఒత్తులూ వదిలేస్తే: స, హ, చ, ల, శ, న, గ, డ, మ, ట. వరసగా ఒకటి నుంచి తొమ్మిది, చివరి 'ట' సున్నా. కొన్న ధర 137 అయితే చీటీ మీద 'సచగ' అని పడుతుంది. 280 అయితే 'హడట'. ఒకే అంకె వెంటవెంటనే వస్తే అక్షరాన్ని రెండుసార్లు రాయరు, చూసినవాళ్లు జంట అంకెని పట్టేస్తారు. మాటలో లేని ఇంకో అక్షరాన్ని 'మళ్లీ అదే' అనే గుర్తుగా వాడతారు. కొన్ని కొట్లలో రెండు వరసలు ఉండేవి: పైన కొన్నది, కింద ఆఖరి బేరం.

ఈ గుప్త లిపి కొనేవాళ్ల నుంచి దాచడానికే అనుకుంటాం. దానివల్ల అసలు ఉపయోగం యజమానికి: గుమాస్తా ప్రతి బేరానికీ గల్లా దగ్గరికి పరిగెత్తుకురానక్కర్లేదు. ఎంత దాకా దిగొచ్చో చీటీయే చెబుతుంది. నలుగురైదుగురు నమ్మకమైన గుమాస్తాలున్నంత కాలం ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పని మానేసిన గుమాస్తా పక్క కొట్లో చేరితే మాట మార్చి, ఉన్న సరుకుకంతా కొత్త చీటీలు రాయాలి. నలభై మందిని పెట్టుకోవాల్సిన అంతస్తుల షాపు వచ్చేసరికి ఈ పద్ధతి చచ్చిపోయింది. నలభై మంది చేతికి బేరమాడే అధికారం ఏ యజమానీ ఇవ్వడు. 'ఒకే ధర' బోర్డు నిజాయితీకి గుర్తని ప్రచారం చేసుకున్నారు గానీ, పెద్ద షాపుకి వేరే దారి లేదన్నది అసలు విషయం.

ధరల సంగతిలో బట్టకి చట్టం కూడా వేరే దారి ఇచ్చింది. 1957లో కేంద్రం మిల్లు బట్ట, పంచదార, పొగాకుల మీద అదనపు ఎక్సైజు వేసి, దానికి బదులుగా రాష్ట్రాలు అమ్మకం పన్ను వేయకుండా ఒప్పందం చేసుకుంది. అందుకే స్టీలు సామాను బిల్లులో కనిపించే అమ్మకం పన్ను గీత మిల్లు బట్టల బిల్లులో కనబడేది కాదు. ప్యాకెట్ల మీద అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర రాయాలన్న నియమం 1990లో వచ్చింది. కానీ అది ముందే ప్యాక్ చేసిన సరుకుకే. తానులోంచి చింపి ఇచ్చే గుడ్డ ప్యాకెట్ కాదు. సబ్బుబిళ్ల దగ్గర బేరం ఆగిపోయిన తర్వాత కూడా గుడ్డ దగ్గర ఆగకపోవడానికి ఇదొక కారణం.

ముగ్గురి చేతులు

కౌంటరు దగ్గర నచ్చింది. గుమాస్తా కార్బన్ పెట్టి చీటీ రాస్తాడు: సరుకు, మీటర్లు, రేటు, మొత్తం, పక్కన తన నంబరు. మీరు చీటీ పట్టుకుని క్యాష్ దగ్గరికి, గుడ్డ ఇంకో దారిలో డెలివరీ దగ్గరికి. డబ్బు కట్టాక ముద్ర. ముద్ర చూసి డెలివరీ అతను ఒక్కొక్కటీ టిక్కు పెట్టి, కాగితం చుట్టి, పురికొస కట్టి ఇస్తాడు. విసుగ్గా ఉంటుంది నిజమే. దీని సూత్రం ఒక్కటే: సరుకు ముట్టుకున్న చెయ్యి డబ్బు ముట్టుకోకూడదు, డబ్బు ముట్టుకున్న చెయ్యి సరుకు ముట్టుకోకూడదు. రాత్రి కొట్టు కట్టేముందు గుమాస్తాల పుస్తకాల మొత్తం, క్యాష్ మొత్తం, డెలివరీ మొత్తం మూడూ ఒకటి కావాలి.

కాకపోతే ఎక్కడ వెతకాలో అనుభవజ్ఞులకి తెలుసు. చీటీ రాయించుకుని డబ్బు కట్టకుండా జారుకున్నవాళ్ల సరుకు డెలివరీ బల్ల కింద మిగిలిపోతుంది. దాన్ని తిరిగి అరలోకి చేర్చి చీటీ రద్దు చేయకపోతే గుమాస్తా పుస్తకం ఎక్కువ చూపిస్తుంది. కార్బన్ తిరగేసి పెడితే రెండో కాపీ ఖాళీగా ఉండి అక్షరాలు మొదటి కాగితం వెనక పడతాయి. అరిగిపోయిన కార్బన్ మీద 7 కాస్తా 1 అవుతుంది. అందుకే మొత్తం అంకెల్లోనే కాక అక్షరాల్లోనూ రాయించేవారు.

గుమాస్తా మిమ్మల్ని క్యాష్ దాకా వెంటబెట్టుకుని వెళ్లేవాడు కదా, అది మర్యాద అనుకునేవాళ్లం. కమిషన్ ఇచ్చే కొట్లలో చీటీ మీద ఉన్న నంబరుని బట్టే అది లెక్క వేస్తారు. మధ్యలో మీరు ఇంకో కౌంటరు దగ్గర ఆగి మనసు మార్చుకుంటే అతని పొద్దు వృథా. మర్యాద లేదని కాదు, రెండూ ఉన్నాయి.

అరువెందుకు ఇచ్చారు?

అరువు కథ పూర్తిగా విశాఖది. ఇక్కడ నెల జీతగాళ్లు ముందు నుంచీ ఎక్కువ. రైల్వే, పోర్టు ఉన్నాయి. 1941లో సింధియా ఓడల కంపెనీ వాళ్లు మొదలుపెట్టిన నౌకా నిర్మాణ కేంద్రం నుంచి 1948లో 'జల ఉష' ఓడ నీళ్లలోకి దిగింది, 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. కాల్‌టెక్స్ రిఫైనరీ 1957, బీహెచ్‌పీవీ (భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్) 1966, కోరమాండల్ ఎరువుల కర్మాగారం 1967. జీతం ఫలానా తేదీకి వస్తుందని తెలిసినవాడికి అరువివ్వడం, పంట మీద ఆధారపడ్డవాడికి ఇవ్వడం ఒకటి కాదు. కొట్టువాడు ఆవర్జాలో, అంటే ఖాతాల పుస్తకంలో, మీ పేరుతో ఒక పేజీ తీసేవాడు. అతనికి కూడా బొంబాయి, సూరత్, మద్రాసు టోకు వర్తకులు గడువిచ్చేవారు. ఆ గడువు అరవై రోజులనుకోండి. మీరు మూడు జీతాల్లో తీరిస్తే మొదటి రెండు వాయిదాలూ టోకు వర్తకుడికి వెళ్లిపోతాయి, మూడోదాంట్లో కొట్టు లాభం ఉంటుంది. అతని సొంత డబ్బు అందులో పెద్దగా ఇరుక్కోదు. వడ్డీ తీసుకోలేదంటారు, ధరలోనే కలిసి ఉండేది. నగదు ఇచ్చేవాళ్లకి బేరం ఎక్కువ తగ్గేది అందుకే.

ఇక్కడ తప్పేది ఎక్కడంటే బదిలీల దగ్గర. రైల్వే ఉద్యోగికి ఖరగ్‌పూర్ బదిలీ అయితే ఆ పేజీ అలాగే మిగిలిపోతుంది. కాబట్టి కొత్త ఖాతాకి పాత ఖాతాదారు ఒకరు మాట చెప్పాలి. మీ అమ్మాయి పెళ్లెప్పుడు, మీ తమ్ముడు షిప్‌యార్డులో ఏ సెక్షను అని కొట్టువాడు ఆప్యాయంగా అడిగే ప్రశ్నలన్నీ ఈ లెక్కలో పనికొచ్చేవే.

బోనస్ చట్టం 1965లో వచ్చింది. దాని కింద కనీస బోనస్ మొదట నాలుగు శాతం, తర్వాత 8.33 శాతం, అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు, ఒక నెల జీతం. అది దసరా ముందు చేతికి అందితే పాత బాకీలు తీరి కొత్త ఖాతాలు తెరుచుకునేవి. ఆ తర్వాత బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి మార్గశిర గురువారాలు. బంగారం, పసుపు కుంకుమ కొట్లకి అవే పండగలు. వెంటనే సంక్రాంతి. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి బేరాలుండవు, అయినా శ్రావణం సరుకు దించడానికి అరలు ఖాళీ కావాలి. ఆషాఢం తగ్గింపులు ఆ ఖాళీ అవసరంలోంచి పుట్టాయి. అందులో దొరికేది ప్రధానంగా నిలవ సరుకే అని గుర్తుపెట్టుకుంటే చాలు.

బజారు కొండెక్కింది

స్టీల్‌ప్లాంటుకి 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో జాతికి అంకితమైంది. ఆ ఇరవై ఏళ్లలో ఊరు గాజువాక దాకా సాగిపోయింది. ఆర్టీసీ కాంప్లెక్సు దిగేవాళ్లకి వన్‌టౌన్ కన్నా ద్వారకానగర్ దగ్గర. స్కూటరు, తర్వాత కారు వచ్చాయి. మెయిన్ రోడ్డు వెడల్పు మాత్రం ఎడ్లబండి నాటిదే. చందన, సి.ఎం.ఆర్. లాంటి అంతస్తుల షాపులు వచ్చేసరికి వీధి పొడుగునా పరుచుకున్న డిపార్ట్‌మెంట్లు నిలువుగా పేరుకున్నాయి. ఆ పేర్చడంలో కూడా లెక్కే: తోవన పోయేవాళ్లు ఆగి కొనే చవక రకాలు, మ్యాచింగులు కింద, పట్టుచీరలు పైన. పెళ్లిచీర కొనడానికి వచ్చినవాళ్లు ఎన్ని మెట్లైనా ఎక్కుతారు. రెడీమేడ్ సైజు చీటీ గుమాస్తా లెక్కని మింగేసింది, కార్డు ఆవర్జాని మింగేసింది.

కొట్టు పోయినా అది చేసిన ఒక పని ఇంట్లో మన మీదే పడింది. సముద్రపు ఊళ్లో గాలికే తేమ. పట్టుచీరలకి బూజు, జరీకి నలుపు పడతాయి. పాత కొట్లలో అరలు నేలకి జానెడు ఎత్తున ఉండేవి, బేరాలు లేని మధ్యాహ్నాలు చీరల మడతలు మార్చడానికే. ఒకే మడత మీద ఏళ్లు ఉంటే జరీ అక్కడే విరుగుతుంది. ఇంట్లో అయితే మూడు నెలలకోసారి మడత మార్చి, ఒక పూట నీడన గాలికి ఆరేసి, ఉతికిన తెల్ల నూలు పంచె ముక్కలో చుట్టాలి. ప్లాస్టిక్ కవరు తేమని లోపలే బంధిస్తుంది. కలరా ఉండలు జరీకి తగలకూడదు; గుడ్డలో మూటకట్టి అర మూలన పెట్టాలి. జరీ బయటికి కాక లోపలికి వచ్చేలా మడతపెడితే గాలి తక్కువ తగులుతుంది.

మీటర్ల గుడ్డ, జాకెట్టు ముక్కలు, లైనింగులు కొనాలంటే పూర్ణా మార్కెట్ చుట్టూ, వన్‌టౌన్‌లో ఇంకా తానులు విప్పే కొట్లున్నాయి. మార్గశిర గురువారాలు తప్పించి, పొద్దున పదకొండు లోపల వెళితే మాట్లాడే తీరిక వాళ్లకీ ఉంటుంది. పన్నా అడగండి, బల్ల మీద పరిచి కొలవమనండి, చీరని పూర్తిగా విప్పించి అంచు నుంచి అంచుకి చూసుకోండి, ఎందుకంటే చింపిన గుడ్డ, ఫాల్ కుట్టిన చీర వెనక్కి తీసుకోరు. రంగు మ్యాచింగు మాత్రం ట్యూబులైటు కింద తేల్చొద్దు. లైటు కింద ఒకటే అనిపించిన రెండు ఆకుపచ్చలు ఎండలో ఒకటి నీలానికి, ఒకటి పసుపుకి లాగుతాయి. గుమ్మం దాకా తీసుకెళ్లి చూసుకుంటానంటే ఏ కొట్టువాడూ కాదనడు. చాలామంది వాళ్లే తీసుకెళ్లి చూపిస్తారు.